882 ఓములు ఉండాల్సిన బల్బుకు మల్టీమీటర్‌లో 66 ఎందుకు వస్తోంది?

అందరికీ నమస్కారం. మా పాప పదో తరగతి. విద్యుత్ పాఠంలో ఒకచోట ఇద్దరం ఇరుక్కుపోయాం, కాస్త సాయం చేయండి.

60, 100 వాట్ల ఫిలమెంట్ బల్బులను శ్రేణిలో కలిపితే ఏది ఎక్కువ వెలుగుతుందన్నది లెక్క. నేను వందే అన్నాను, పాప అరవై అంది. అటక మీద పాత బల్బులు దొరికితే, ఎలక్ట్రీషియన్ అయిన మా తమ్ముడి చేత కలిపించి చూశాం. పాపే గెలిచింది! అరవైది నారింజ రంగులో వెలిగింది, వందదాంట్లో తీగ ఎర్రగా కనబడిందంతే.

లెక్క కూడా కుదిరింది. ఇంటి కరెంటు 230 వోల్టులు కదా, ఆ 230 వర్గాన్ని వాట్లతో భాగిస్తే అరవైకి 882 ఓములు, వందకి 529. శ్రేణిలో కరెంటు ఒకటే కాబట్టి నిరోధం ఎక్కువున్నదే ఎక్కువ వెలుగుతుంది. సరే.

తర్వాత చల్లారిన అరవై బల్బును హోల్డర్ నుంచి తీసి, అడుగున ఉన్న రెండు సీసపు చుక్కలకు మల్టీమీటర్ ఆనిస్తే 66 ఓములే చూపించింది. మీటరు పాడైందేమోనని మా తమ్ముడిదీ పెట్టి చూశాం, అదే అంకె.

వేడెక్కితే బల్బులోని టంగ్‌స్టన్ తీగ నిరోధం పెరుగుతుందని తెలుసు, కానీ ఏకంగా 13 రెట్లా? అలాగైతే స్విచ్ వేసిన క్షణంలో మూడున్నర ఆంపియర్లు లాగుతుందా? బల్బులు ఎక్కువగా స్విచ్ వేసేటప్పుడే మాడిపోయేది అందుకేనా?

ఇంకోటి. శ్రేణిలో మందంగా వెలిగే బల్బుకు 882 వాడటం తప్పే కదా? మరి పరీక్షలో ఏది రాయమనాలి?