పని దగ్గర వేలు తెగింది, ఆస్పత్రి కాగితంలో మాత్రం ‘ఇంట్లో’ అని ఉంది. ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు దగ్గర పల్లె. మా తమ్ముడు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాంట్రాక్టర్ కింద పని చేస్తాడు. తోతాపురి సీజన్‌లో రాత్రి షిఫ్టులో టెంకలు పోయే చైన్ శుభ్రం చేస్తుంటే ఎవరో స్విచ్ వేశారు. కుడి చేతి చూపుడు వేలు రెండు కణుపులు పోయాయి.

సూపర్‌వైజరే ప్రైవేటు ఆస్పత్రిలో చేర్పించి, బిల్లు కట్టాడు. అంతవరకు మంచిదే. కానీ డిశ్చార్జి కాగితంలో ‘ఇంట్లో మోటారు దగ్గర దెబ్బ’ అని రాయించాడు. మాకు ఇంటి దగ్గర మోటారే లేదు! ఇప్పుడు పదివేలు ఇస్తాం, ఖాళీ స్టాంపు పేపర్ మీద సంతకం పెట్టమంటున్నారు. మేం పెట్టలేదు.

2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1923 నాటి పరిహారం చట్టంలో ఇలా రెండు కణుపులు పోతే సంపాదన శక్తిలో 11 శాతం నష్టంగా లెక్కేసేవారని, రెండేళ్లలోపు అర్జీ పెట్టుకోవాల్సి ఉండేదని, కాంట్రాక్టర్ మనిషైనా ఫ్యాక్టరీ యజమానిని అడిగే వీలుండేదని చదివాను.

చిక్కేమిటంటే కూలీ కవర్లో ఇస్తారు, స్లిప్పు ఉండదు. ఈఎస్ఐ (కార్మికుల బీమా) కార్డు కూడా ఇవ్వలేదు. మస్టర్ (హాజరు పుస్తకం) కాంట్రాక్టర్ దగ్గరే ఉంది. మా దగ్గరున్నది గేటు పాసు, ఆ రాత్రి సూపర్‌వైజర్ చేసిన ఫోన్ రికార్డింగు, తోటి పనివాళ్లు ఇద్దరు.

ఆస్పత్రి కాగితం సరిచేయించడం ఎలా? ఇన్నాళ్లకు పోలీసు ఫిర్యాదు పనికొస్తుందా? లేబర్ ఆఫీసులో అర్జీకి లాయర్ తప్పనిసరా? చిత్తూరు, తిరుపతి వైపు ఇలా తిరిగినవాళ్లుంటే చెప్పండి అన్నా, అక్కా. వాడికి ఇంకా చెయ్యి చాపితే వణుకే.