ఎలక్ట్రిక్ ఎస్‌యూవీకి కోరాపుట్ వైపు గిరాకీ ఎందుకు లేదు?

ప్రశ్న (కోరాపుట్):
కిలోమీటరు ఖర్చు చూస్తే ఎలక్ట్రిక్ బండే లాభం. మరి కొనేవాళ్లు వెనకాడుతున్నది సాలూరు ఘాట్ (సాలూరు నుంచి కోరాపుట్ ఎక్కే కొండదారి) వల్లేనా?

జవాబు (రాయగడ):
ఘాట్‌ని ఉత్తినే తిడతారండీ. 1,800 కిలోల బండి 750 మీటర్లు ఎక్కడానికి అదనంగా పట్టేది 4 యూనిట్ల పైచిలుకు. 45 యూనిట్ల బ్యాటరీలో అదెంత? దిగేటప్పుడు కొంత తిరిగొస్తుంది కూడా. కాకపోతే కోరాపుట్‌లో 100 శాతం నింపి దిగితే రీజెన్ (దిగే వేగాన్ని కరెంటుగా మార్చి బ్యాటరీకి ఎక్కించడం) దాదాపు పనిచేయదు, భారమంతా బ్రేకుల మీదే. 85 దగ్గర ఆపేయండి.

అసలు చిక్కు ఇంట్లోనే. 15 ఆంపియర్ల ప్లగ్గుతో పూర్తిగా నిండాలంటే సుమారు 15 గంటలు. 7.2 కిలోవాట్ల వాల్‌బాక్స్ (గోడకు బిగించే చార్జర్) అయితే 32 ఆంపియర్లు లాగుతుంది. శాంక్షన్ లోడ్ (కరెంటాఫీసు మీ ఇంటికి మంజూరు చేసిన లోడు) పెంచుకోవాలి, మీటరు నుంచి విడిగా రాగి వైరు, 40 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే దానంతటదే పడిపోయే స్విచ్చి) వేయించాలి. ఎర్తింగ్ బాగోకపోతే చాలా బళ్లు చార్జింగే మొదలుపెట్టవు. ఎండాకాలం ఎర్త్ గొయ్యి ఎండిపోతే అదే గొడవ.

జవాబు (పర్లాకిమిడి):
ధర మాట వదిలేశారేం? 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోలు కార్లకు జీఎస్టీ 18 శాతానికి దిగింది. ఎలక్ట్రిక్‌కి పాత 5 శాతమే. ఆ మేరకు పన్ను లాభం తగ్గినట్టేగా.

ప్రశ్న వేసినవారు:
అయితే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవాలన్నమాట, డీలర్‌ని కాదు.