కృష్ణపట్నం దగ్గర కనపడ్డ వంపు ముక్కు పిట్ట కర్లూనా, విమ్‌బ్రెలా?

అన్నలూ అక్కలూ, కొంచెం సాయం చేయండి. మొన్న నెల్లూరు నుంచి కృష్ణపట్నం పోతా ఉంటే ఉప్పుటేరు పక్కన బురదలో పెద్ద పిట్ట కనపడింది, ఒళ్లంతా గోధుమరంగు చారలు, కిందికి వంగిన పొడుగాటి ముక్కుతో పీతల్ని లాగి తింటా ఉండింది, ఎంత బాగుందో. కర్లూ, విమ్‌బ్రెల్ రెండూ ఇట్టాంటి వంపు ముక్కు పిట్టలే, విమ్‌బ్రెల్‌కైతే నెత్తిన ముదురు పట్టీలుంటాయి, ముక్కు కర్లూ కన్నా పొట్టి, అది తెలుసు. కానీ మిట్టమధ్యాహ్నం ఎండకి గాలి అదురుతా ఉండి, 300 ఎంఎం లెన్స్‌తో తీసినా తల దగ్గర మసగ్గా వచ్చింది. విమ్‌బ్రెల్ గబగబా ఏడు సార్లు ఒకే తీరుగా కూస్తది అంటారు, ఇదేమో అస్సలు కూయలేదు. పక్కనుంచి తీసిన ఫొటోలో ముక్కు తలకి ఎన్ని రెట్లుందో కొలిస్తే తేలుద్దా? మళ్లీ పోతే పొద్దున్నే పోయేదా, ఆటుకి నీళ్లు వెనక్కి తీసినప్పుడా? అక్కడ తిరిగినోళ్లు ఎవరైనా చెప్పండి, ప్లీజ్.