రోజూ పని డైరీ రాస్తే ఉద్యోగంలో ఎదుగుతామా?

పెన్సిల్‌ముక్క:
ఆఫీసు నుంచి బయటపడే ముందు పదిహేను నిమిషాలు కూర్చుని ఇవాళ ఏం చేశాను, ఎక్కడ ఆగాను, రేపు ముందు ఏది పట్టుకోవాలి అని రాసుకుంటాను. పొద్దున్నే తడుముకోనక్కర్లేదు. మీటింగులో ఎవరైనా మాట అన్నా రాత్రంతా బుర్రలో తిరగదు. మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకీ ఇదే నేర్పిస్తున్నాను. 21 రోజులు చేస్తే చాలు, అలవాటైపోతుంది. ఒత్తిడికి తట్టుకోవడం ఎవరికీ పుట్టుకతో రాదు, ఇలాంటి వాటితోనే వస్తుంది. కాదనేవాళ్లున్నారా?

లెక్కతేలాలి:
నేనున్నాను. ఆ 21 ఎక్కడిదండీ? ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని 1960లో ఒక ప్లాస్టిక్ సర్జన్ రాశాడు. జనం 'కనీసం' వదిలేసి అంకె పట్టుకున్నారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనిస్తే 66 రోజుల దగ్గర తేలింది. అదీ మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా.

రాత్రిబండి:
భోజనానికే టైమ్ లేదు, డైరీ అట.

పెన్సిల్‌ముక్క:
21 కాకపోతే 66. చెయ్యమనే కదా నేను చెప్పేది!

లెక్కతేలాలి:
అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. 22వ రోజున బద్ధకం వేస్తే మీ టీమ్‌లో కొత్త కుర్రాడు తనలోనే లోపం ఉందనుకుంటాడు.

మూడోకుర్చీ:
అంకెల గొడవ అలా ఉంచండి. నేనూ శ్రద్ధగా రాసేదాన్ని. ఇద్దరు మానేసి వెళ్తే వాళ్ల పని కూడా నా నెత్తినే పడింది, అదంతా తేదీలతో సహా ఉంది. అప్రైజల్లో చూపిస్తే మా పైఆయన పేజీలు తిప్పి, "ఇంత రాసే తీరిక ఉందన్నమాట" అన్నాడు. రేటింగ్ అంతకు ముందుదే ఇచ్చాడు. పని ఒత్తిడి మీద పరిశోధన చేసిన కరసెక్ అనే ఆయన 1979లోనే చెప్పాడు: పని భారం ఎక్కువగా ఉండి, దాన్ని ఎలా చెయ్యాలో తేల్చుకునే వీలు మన చేతిలో లేకపోతే మనిషి నలిగిపోతాడని. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా బర్నవుట్‌ను, అంటే పని ఒత్తిడితో పూర్తిగా డీలా పడిపోవడాన్ని, జబ్బు అనలేదు, పనిచేసే చోట పుట్టే సమస్య అంది. మీరేమో ఉద్యోగికి నోట్‌బుక్ ఇచ్చి తట్టుకోమంటున్నారు.

పెన్సిల్‌ముక్క:
మీ పైఆయన మంచివాడు కాకపోతే డైరీ ఏం చేసింది మేడమ్? కంపెనీ మారేదాకా చేతులు ముడుచుకుని కూర్చోమంటారా?

మూడోకుర్చీ:
కూర్చోమని ఎక్కడన్నాను? మళ్లీ చదవండి.

కొత్తచెప్పు:
ఒక చిన్న డౌటు. మీ టీమ్‌లో వాళ్లు రాసింది వాళ్ల దగ్గరే ఉంటుందా, మీరు చూస్తారా?

పెన్సిల్‌ముక్క:
ప్రతి శుక్రవారం షేర్డ్ ఫోల్డర్లో పెడతారు. చదివి కామెంట్లు రాస్తాను. తప్పేముంది?

మూడోకుర్చీ:
ఇంతసేపూ చెప్పనిది ఇదన్నమాట! అలవాటు అని పేరు పెట్టి హాజరు పట్టీ నడుపుతున్నారు.

పెన్సిల్‌ముక్క:
నోరు జారకండి. నేను చేరినప్పుడు నాకు చెప్పే దిక్కే లేదు. మేనేజరు తలుపేసుకుని కూర్చునేవాడు, తప్పు జరిగితేనే బయటికొచ్చేవాడు. మావాళ్లకి ఆ గతి పట్టకూడదని నా సాయంత్రాలు పోగొట్టుకుని చదువుతున్నాను.

కొత్తచెప్పు:
మీ ఉద్దేశం మంచిదే సార్. మా ఆఫీసులోనూ ఇలాంటిదే ఉంది. మొన్న "క్లయింట్ కాల్‌లో నోరు పెగల్లేదు, పక్కనున్నాయన కాపాడాడు" అని టైప్ చేశాను. మా లీడ్ చదువుతాడని గుర్తొచ్చి చెరిపేసి, "కమ్యూనికేషన్ మెరుగుపరుచుకుంటున్నాను" అని పెట్టాను. ఆయన బొటనవేలు బొమ్మ పెట్టాడు. నిజంగా సాయం కావాల్సిన విషయం ఆయనకి తెలియనే లేదు.

లెక్కతేలాలి:
అన్నట్టు, మధ్యలో ఒక రోజు తప్పిపోయినా పెద్ద తేడా రాలేదని కూడా ఆ 66 రోజుల అధ్యయనంలోనే ఉంది.

రాత్రిబండి:
అన్నా, వదిలెయ్.

పెన్సిల్‌ముక్క:
సరే, ఫోల్డర్ తీసేశాను అనుకోండి. ఎవరు ఎక్కడ ఇరుక్కున్నారో నాకెలా తెలుస్తుంది?

మూడోకుర్చీ:
ఇప్పుడు మాత్రం తెలుస్తోందా? పైన ఆ అబ్బాయి రాసింది చూడండి. పిలిచి మాట్లాడండి. అక్కడ చెప్పింది అప్రైజల్లోకి రాదని వాళ్లకి నమ్మకం కుదిరితే వాళ్లే చెబుతారు.

పెన్సిల్‌ముక్క:
అప్రైజల్ ఫారం పైవాళ్లది, నా చేతిలో లేదు.

మూడోకుర్చీ:
ఫోల్డర్ మీ చేతిలోనే ఉందిగా.

పెన్సిల్‌ముక్క:
సోమవారం టీమ్‌నే అడుగుతాను. ఉంచమన్నారంటే మాత్రం ఇక్కడికే వచ్చి చెబుతాను, అప్పుడు చూద్దాం.

మూడోకుర్చీ:
మీరు ఎదురుగా నిలబడి అడిగితే ఉంచమనే అంటారు. పేర్లు లేకుండా చీటీలు రాయించండి.