చికున్‌గున్యా ఎక్కించిన చిట్టెలుకల్లో రెండో వాపు రావట్లేదు, గది వేడే కారణమా?

వైజాగ్‌లో ఒక ల్యాబ్‌లో చికున్‌గున్యా మీద పనిచేస్తున్నాం. ఎథిక్స్ అనుమతి ఉంది. 6 వారాల సీ57బీఎల్/6 జాతి చిట్టెలుకల వెనక పాదంలో, చర్మం కింద 20 మైక్రోలీటర్లలో 10,000 పీఎఫ్‌యూ (సోకగల వైరస్ కణాల లెక్క) వైరస్ ఇస్తున్నాం. ఈ మోడల్‌లో 2-3 రోజులకి చిన్న వాపు, 6-7 రోజులకి పెద్ద వాపు రావాలి. కీళ్లవాపు మందు పరీక్షకి మాకు కావాల్సింది ఆ రెండోదే.

మొదటిది చక్కగా వస్తోంది. 6వ రోజున వెర్నియర్ పెట్టి ఎత్తు, వెడల్పు కొలిస్తే మాత్రం సెలైన్ ఇచ్చిన వాటి పాదానికీ, వీటికీ తేడానే ఉండట్లేదు.

వైరస్ స్టాక్‌ని వీరో కణాల (కోతి కిడ్నీ కణాలు) మీద మళ్లీ టైట్రేట్ చేశాం, టైటర్ (వైరస్ ఎంత ఉందన్న లెక్క) బాగానే ఉంది. వీరోలో పదేపదే పెంచితే వైరస్ నీరసపడొచ్చని, సీ6/36 దోమ కణాల్లో పెంచిన తక్కువ పాసేజ్ (కొద్దిసార్లే కణాల్లో పెంచిన) స్టాక్ వాడాం. డోసు పది రెట్లు పెంచాం, చిట్టెలుకల బ్యాచ్ మార్చాం, ఆఖరికి కొలిచే మనిషిని కూడా మార్చాం. లాభం లేదు.

ఇక మిగిలింది గది. పగలు 22-23 డిగ్రీలు ఉంటుంది. రాత్రి ఏసీ ట్రిప్ అయితే (ఈ ఉక్కపోతకి తరచూ అవుతుంది) లాగర్‌లో 30 కనిపిస్తోంది. 22 డిగ్రీల్లో ఉంచిన వాటికన్నా 30లో ఉంచిన చిట్టెలుకల్లో ఈ వాపు తక్కువని, చల్లదనంలో టైప్ 1 ఇంటర్‌ఫెరాన్ (వైరస్‌ని అడ్డుకునే ప్రోటీన్) పని మందగిస్తుందని 2017 నాటి ఒక పేపర్‌లో ఉంది. మా దగ్గర ఆ వేడి నాలుగైదు గంటలే. దానికే అంత తేడా వస్తుందంటే నాకు నమ్మబుద్ధి కావట్లేదు.

ఈ మోడల్ నడిపినవాళ్లు చెప్పండి: రాత్రిపూట కొన్ని గంటలు 30 డిగ్రీలకి చేరితే రెండో వాపు పూర్తిగా పోవడం మీరెప్పుడైనా చూశారా?