టెక్సస్ నర్సు లైసెన్సు: ఆర్టికల్ 4513, చాప్టర్ 301 ఒకటేనా?

బ్రాడీపేట_సిస్టర్:
నమస్తే అండీ. గుంటూరులో స్టాఫ్ నర్సుని, టెక్సస్ లైసెన్సుకి అప్లై చేస్తున్నాను. నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్‌తో పాటు అక్కడి నర్సింగ్ చట్టం మీద జ్యూరిస్‌ప్రుడెన్స్ పరీక్ష కూడా రాయాలట. సీనియర్ అక్క ఇచ్చిన పాత నోట్సులో అంతా ఆర్టికల్ 4513 అని ఉంది. బోర్డు వెబ్‌సైట్‌లో చూస్తే ఆక్యుపేషన్స్ కోడ్, చాప్టర్ 301. చట్టమే మారిందా, నంబరు మారిందా? ఏది చదవాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

బెజవాడ_వకీలు:
301 చదవండమ్మా, 4513 ఎప్పుడో రద్దయింది. టెక్సస్ చట్టాలు 1925 నాటి సంపుటిలో ఆర్టికల్ నంబర్లతో ఉండేవి. తర్వాత వచ్చినవాటికి మధ్యలో చోటు లేక డాక్టర్లది 4495బి, ఫార్మసీది 4542ఎ-1 అని తోకలు తగిలించుకుంటూ పోయారు. వీటన్నిటినీ అంశాలవారీగా సర్దే పని అక్కడి లెజిస్లేటివ్ కౌన్సిల్ (మన శాసన మండలి లాంటిది కాదు, చట్టసభకు ముసాయిదాలు రాసిపెట్టే సంస్థ) 1963లో మొదలుపెట్టింది. వృత్తి లైసెన్సుల వంతు 1999లో వచ్చింది. ఆ సెప్టెంబరు 1 నుంచి ఆక్యుపేషన్స్ కోడ్ అమల్లో ఉంది.

కాలం చెల్లినవి, రెండుచోట్ల ఉన్నవి తీసేశారు, పాతకాలపు ఇంగ్లీషుని నేటి భాషలోకి మార్చారు. అర్థం మాత్రం మార్చడం లేదని కోడ్ మొదటి సెక్షన్‌లోనే రాసుకున్నారు. నంబర్ల మధ్య కావాలనే ఖాళీలు వదిలారు: డాక్టర్లు 151 నుంచి, నర్సులు 301 నుంచి, ఫార్మసిస్టులు 551 నుంచి. 2003లో ఎలక్ట్రీషియన్ల లైసెన్సు చట్టం వస్తే ఎవరినీ కదపకుండా 1305లో పెట్టేశారు. మనవాళ్లు నేర్చుకోవాల్సిన పని.

గవర్నర్‌పేట_మెడికల్స్:
ఇలాంటిది మాకూ తగిలింది. 2020లో కాస్మెటిక్స్‌కి విడిగా రూల్స్ వచ్చాక మన డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ రూల్స్ 1945 కాస్తా ఉత్త డ్రగ్స్ రూల్స్ 1945 అయింది. మందులు అమ్మడానికి ఇచ్చే ఫారం 20, 21 లైసెన్సులు అవే. అయినా ఒక కన్సల్టెంట్ వచ్చి, రూల్స్ పేరే మారిపోయింది కాబట్టి కొత్త లైసెన్సు తీసుకోవాలని ఫీజు చెప్పాడు. గెజిట్ చూపించమన్నాను. తర్వాత ఫోన్ ఎత్తలేదు.

వన్‌టౌన్_బట్టలకొట్టు:
మా బెజవాడ కొట్టు ఆంధ్రప్రదేశ్ షాప్స్ చట్టం 1988 కింద, హైదరాబాద్ కొట్టు తెలంగాణ షాప్స్ చట్టం 1988 కింద. 1988లో తెలంగాణ ఎక్కడుందండీ అని ఆడిటర్ గారిని అడిగితే నవ్వారు.

బెజవాడ_వకీలు:
2014 విభజన చట్టం 101వ సెక్షన్ ఇచ్చిన వెసులుబాటు అది. ఉమ్మడి చట్టాలను తగిన మార్పులతో తమవి చేసుకోవచ్చన్నారు, వాళ్లు పేరు మార్చి ఉంచుకున్నారు. ఐపీసీ సంగతి వేరు. 420 పోయి 318(4) వచ్చిందని అందరూ నంబర్లే బట్టీ పడుతున్నారు గానీ, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత వట్టి సర్దుబాటు కాదు. స్నాచింగ్, వ్యవస్థీకృత నేరం లాంటివి కొత్తగా చేర్చారు.

నరసరావుపేట_జూనియర్:
సార్, అర్థం మారలేదని కోడ్‌లో రాసినంత మాత్రాన సరిపోదు. టెక్సస్ సుప్రీంకోర్టు 1999లోనే, ఫ్లెమింగ్ ఫుడ్స్ కేసులో ఈ సంగతి తేల్చింది. అది పన్నుల కోడ్ మీద వచ్చిన కేసు. పాత చట్టంలో రీఫండ్ ఎవరు అడగొచ్చో కట్టడి చేసిన మాటలు కోడ్‌లోకి రాలేదు. అర్థం మార్చే ఉద్దేశం లేదు కాబట్టి పాతదే చూడాలని ప్రభుత్వం వాదించింది. కొత్త పాఠం స్పష్టంగా ఉండి పాతదానితో పొసగకపోతే కొత్తదే చెల్లుతుందని కోర్టు చెప్పింది. సర్దేవాళ్ల చేతిలో ఒక్క మాట జారినా అదే చట్టమైపోతుంది.

బెజవాడ_వకీలు:
ఒప్పుకుంటాను. కోడ్ మాట రెండు రకాలుగా అర్థమయ్యేలా ఉంటేనే పాతది తిరగేయాలి. మన దగ్గర పాత సెక్షన్ పేరుతో ఉన్న కాగితాలకు 1897 జనరల్ క్లాజెస్ చట్టం 8వ సెక్షన్ ఉంది: రద్దయినదాన్ని మళ్లీ చట్టం చేస్తే, పాతదాని ప్రస్తావనని కొత్తదాని ప్రస్తావనగానే చదువుకోవాలి, వేరే ఉద్దేశం కనబడితే తప్ప.

డల్లాస్‌లో_తెనాలమ్మాయి:
సిస్టర్, వాళ్ల వాదన అలా ఉంచండి. మీ నోట్సుతో చిక్కు 1999 సర్దుబాటు వల్ల కాదు, తర్వాత వచ్చిన సవరణల వల్ల. చాప్టర్ 302లో ఒకేషనల్ నర్సుల (రిజిస్టర్డ్ నర్సుల కంటే కింది స్థాయి లైసెన్సు వాళ్లు) చట్టం ఉండేది, 2003లో తీసేశారు. 2004లో రెండు నర్సు బోర్డులూ కలిసిపోయాయి. 2007లో బోర్డు పేరు కూడా మారి టెక్సస్ బోర్డ్ ఆఫ్ నర్సింగ్ అయింది. అక్క నోట్సు పక్కన పెట్టేయండి. 301, 303, బోర్డు రూల్స్‌లో నర్సుల పని ప్రమాణాలు చెప్పే 217.11 గట్టిగా చదవండి.

బ్రాడీపేట_సిస్టర్:
థాంక్స్ అక్కా. 303లో సేఫ్ హార్బర్ అని ఉంది, అది పరీక్ష కోసమేనా, డ్యూటీలో కూడా వాడతారా?

డల్లాస్‌లో_తెనాలమ్మాయి:
డ్యూటీలోనే ఎక్కువ. పేషెంట్‌కి ప్రమాదమనిపించే పని అప్పగిస్తే, మన మీద చర్య తీసుకోకుండా ఉండే ఈ రక్షణని అడగొచ్చు. కానీ పని అప్పగించినప్పుడే, మొదలుపెట్టకముందే అడగాలి. షిఫ్ట్ అయ్యాక అడిగితే చెల్లదు. వివరాలు రూల్ 217.20లో ఉన్నాయి, దాన్ని కూడా ప్రింట్ తీసుకోండి.