సన్నగా ఉన్నా కొలెస్ట్రాల్ మాత్ర వేసుకోవాలా? 41 ఏళ్ళకే మొదలుపెట్టడం సబబేనా?

నరసన్నపేట గుమస్తా

అందరికీ నమస్కారం. నాకు 41 ఏళ్ళు. రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. చుట్ట, సిగరెట్టు అలవాటు లేదు. బరువు 64 కేజీలే, చూసినవాళ్ళంతా సన్నగా ఉన్నావంటారు. నడుం దగ్గర మాత్రం పొట్ట వచ్చింది, టేపు పెట్టి కొలిస్తే 94 సెంటీమీటర్లు.

మొన్న పరగడుపున రక్తం ఇస్తే వచ్చిన రిపోర్టు ఇది: మొత్తం కొలెస్ట్రాల్ 214, చెడ్డదనే ఎల్‌డీఎల్ 133, మంచిదనే హెచ్‌డీఎల్ 34, రక్తంలో తిరిగే కొవ్వు ట్రైగ్లిజరైడ్స్ 235. మూడు నెలల షుగర్ సగటు 5.9. బీపీ మామూలుగానే ఉంది. మా నాన్న 49వ ఏట గుండెపోటుతో పోయారు.

డాక్టర్ గారు రోసువాస్టాటిన్ 10 రాశారు, రాత్రి ఒకటి. మా మేనమామ ఒప్పుకోవడం లేదు. ‘అది పట్టుకుంటే జీవితాంతం వదలదు, లివరూ కిడ్నీలూ పోతాయి, తిండి మార్చుకుంటే అదే తగ్గుతుంది’ అంటాడు. ఇంట్లో ఆవిడ మాత్రం డాక్టరు చెప్పినట్టు చెయ్యమంటోంది. మాత్రల అట్ట ఇంకా విప్పలేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

బొబ్బిలి మాస్టారు

బాబూ, మీ మేనమామ మాటలో నిజం ఉంది. మా తాతగారి తరంలో నెయ్యి తిన్నారు, నువ్వుల నూనె తిన్నారు, పండక్కి వేట మాంసం తిన్నారు. కొలెస్ట్రాల్ అనే మాటే ఎరగరు. ఉన్న రోగాన్ని వదిలేసి కాగితం మీది అంకెకి వైద్యం చేసే రోజులొచ్చాయి. అంకె కూడా నిలకడగా ఉందా? ఒకప్పుడు ఎల్‌డీఎల్ 130 అంటే పర్వాలేదన్నారు, తర్వాత 100 అన్నారు, ఇప్పుడు కొందరికి 55 అంటున్నారు. గీత కిందికి జరిగిన కొద్దీ మాత్ర వేసుకునేవాళ్ళు పెరుగుతారు. లాభం ఎవరికో ఆలోచించండి.

ఇంకో మాట. గుడ్డు పచ్చసొన తినొద్దని ఏళ్ళ తరబడి భయపెట్టారు. 2015లో అమెరికా వాళ్ళే ఆహారంలో కొలెస్ట్రాల్‌కి పెట్టిన 300 మిల్లీగ్రాముల హద్దు ఎత్తేశారు. అప్పుడు చెప్పింది నిజమా, ఇప్పుడు చెప్పేది నిజమా? నేను మందులకి విరోధిని కాను, బీపీ మాత్ర నేనూ వేసుకుంటాను. ఒంట్లో ఏ బాధా లేని మనిషికి జీవితాంతం మందు రాసేటప్పుడు అంతకంటే గట్టి కారణం చూపించాలంటున్నాను.

రక్తపరీక్ష, శ్రీకాకుళం

ల్యాబ్ పనిలో ఉన్నవాణ్ణి. మందు సంగతి నేను చెప్పను, రిపోర్టు ఎలా చదవాలో చెబుతాను.

చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్ నేరుగా కొలవరు, లెక్కగడతారు. మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసి, ట్రైగ్లిజరైడ్స్‌లో అయిదో వంతు తీస్తారు. 214లో 34 పోతే 180. 235లో అయిదో వంతు 47. అదీ పోతే 133. ట్రైగ్లిజరైడ్స్ పెరిగినకొద్దీ ఈ లెక్క మీద నమ్మకం తగ్గుతుంది, 400 దాటితే పనికిరాదు. అందుకే గుమస్తా గారు చూసుకోవలసింది ఆ మధ్యలో వచ్చిన 180. హెచ్‌డీఎల్ కానిదంతా అందులో ఉంటుంది. రక్తనాళాల్లో పేరుకునే రకాలన్నీ అందులోనే.

నా బల్ల మీద రోజూ చూసేది ఒకటి చెబుతాను. ట్యూబుని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాక ఎర్రకణాలు కిందికి దిగి పైన సీరం లేత పసుపుగా, పారదర్శకంగా తేరాలి. ట్రైగ్లిజరైడ్స్ బాగా ఎక్కువున్నవాళ్ళది పాలు కలిపినట్టు తెల్లగా ఉంటుంది, ట్యూబు వెనక వేలు పెడితే కనబడదు. అలాంటి ట్యూబులు సన్నటివాళ్ళవీ వస్తాయి.

కవిటి ఆడపడుచు

మాది ఉద్దానం. మా వైపు మాత్ర అంటేనే జనానికి దడ, కిడ్నీ భయం అలాంటిది. డయాలసిస్‌కి వెళ్ళొచ్చే మనిషి లేని వీధి మా ఊళ్ళో లేదు. ఇప్పుడు పలాసలో కిడ్నీ ఆసుపత్రి వచ్చింది గానీ భయం పోలేదు. అందుకే గుమస్తా తమ్ముడి మేనమామని నేను తప్పు పట్టను. డాక్టర్లు ఎవరైనా ఉంటే ముందు ఇది తేల్చండి: కొలెస్ట్రాల్ మాత్ర కిడ్నీని తింటుందా, తినదా?

ఇంకోటి. గుండెపోటు అంటే అందరూ మగాళ్ళ సంగతే మాట్లాడతారు. మా అమ్మ అడ్డపొగ కాలుస్తుంది, చుట్ట వెలిగించి నిప్పు కొస నోట్లో పెట్టుకుని. మా వైపు ఆ వయసు ఆడవాళ్ళలో చాలామందికి అలవాటే. అంగిట్లో పుండు పడుతుందని దంతవైద్యులు శిబిరాలు పెట్టి చెప్పారు, మంచిదే. గుండె గురించి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఆవిడ రక్తం ఒక్కసారి కూడా ఎవరూ పరీక్ష చేయలేదు.

జనరల్ మెడిసిన్, శ్రీకాకుళం జిల్లా

ముందు కవిటి అప్ప అడిగినదానికి చెబుతాను. ఉద్దానంలో భయపడాల్సిన మాత్ర వేరే ఉంది. ఒళ్ళు నొప్పులని మందుల షాపులో చీటీ లేకుండా కొని రోజూ మింగే నొప్పి బిళ్ళలు కిడ్నీని దెబ్బతీస్తాయి. స్టాటిన్, అంటే గుమస్తా గారికి రాసిన జాతి కొలెస్ట్రాల్ మాత్ర, అలాంటిది కాదు. అటోర్వాస్టాటిన్‌కయితే కిడ్నీ జబ్బు ఉన్నా మోతాదు తగ్గించక్కర్లేదు. రోసువాస్టాటిన్‌ని కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళకి 10 మిల్లీగ్రాములు దాటనివ్వం. అసలు కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి గుండెజబ్బు ముప్పు ఎక్కువ. డయాలసిస్ దాకా రాని కిడ్నీ రోగులకి 50 దాటితే స్టాటిన్ ఇమ్మనే అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. కిడ్నీ భయంతో ఈ మాత్ర మానేసినవాళ్ళు గుండె దగ్గర దొరికిపోతున్నారు. నాకు బాధ కలిగించేది ఇదే.

ఇక మాస్టారూ, అంకె ఎందుకు కిందికి జరిగిందో చెప్పాలి. 1994లో స్కాండినేవియా దేశాల్లో గుండెజబ్బు ఉన్న 4,444 మంది మీద సిమ్వాస్టాటిన్‌తో పరీక్ష చేశారు. అయిదేళ్ళు దాటేసరికి మాత్ర వేసుకున్నవాళ్ళలో మొత్తం మరణాలు 30 శాతం తగ్గాయి. తర్వాత వచ్చిన పరీక్షలన్నిటినీ కలిపి చూస్తే, ఎల్‌డీఎల్ సుమారు 39 పాయింట్లు తగ్గిన ప్రతిసారీ గుండెపోటు, పక్షవాతం లాంటివి దాదాపు అయిదో వంతు తగ్గాయి. 130 నుంచి తగ్గించినా, 100 నుంచి తగ్గించినా మేలు కనబడింది. ఆ ఆధారంతోనే గీత జరిగింది. గుడ్డు విషయంలో మీ మాట నిజమే, మన కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం లివర్ తయారుచేసుకునేదే. అయితే 300 హద్దు ఎత్తేసిన ఆ పుస్తకంలోనే గట్టిపడే కొవ్వుల్ని రోజు తిండి శక్తిలో 10 శాతం లోపే ఉంచమని కూడా ఉంది. పామాయిల్ కొవ్వులో దాదాపు సగం ఆ జాతిదే.

తాతల కాలం గురించి: ఆ కాలంలో ఛాతీ పట్టేసి రాత్రికి రాత్రి పోయిన మనిషికి ఈసీజీ ఎవరు తీశారు? ‘గాలి సోకింది’ అనుకున్నారు. పైగా వాళ్ళు చోడి (రాగి) అంబలి తాగి పొలానికి నడిచేవారు. మనకి మూడు పూటలా బియ్యమే, ఇడ్లీ అయినా అట్టు అయినా. కూర్చునే పని. ఈ తిండికి ఎల్‌డీఎల్ ఎక్కువగా పెరగదు. ట్రైగ్లిజరైడ్స్ పెరుగుతాయి, హెచ్‌డీఎల్ పడిపోతుంది, ఎల్‌డీఎల్ కణాలు చిన్నవై సంఖ్యలో పెరుగుతాయి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్ళు తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో చూసి 2014లో ప్రచురించిన లెక్కలో మొత్తం కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్ళు 13.9 శాతమే, హెచ్‌డీఎల్ తక్కువున్నవాళ్ళు 72.3 శాతం. ‘మొత్తం 200 దాటలేదు, నాకేం లేదు’ అని మనవాళ్ళు మోసపోయేది ఇక్కడే. 2004లో వచ్చిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 52 దేశాల్లో జరిగింది. మొదటి గుండెపోటు వయసు దక్షిణాసియా వాళ్ళలో 53 దగ్గర ఉంటే మిగతావాళ్ళలో 59 దగ్గర ఉంది. మా వార్డులో నలభైల్లో ఉన్న మగవాళ్ళు ఒక విడ్డూరం కాదు.

అప్పా, అదే అధ్యయనంలో బీడీ కాల్చేవాళ్ళకి గుండెపోటు ముప్పు కాల్చనివాళ్ళకంటే దాదాపు మూడు రెట్లు కనబడింది, నమిలే పొగాకుకీ రెండు రెట్లు పైనే. అడ్డపొగకి మినహాయింపు ఉంటుందని నేననుకోను. మీ అమ్మగారికి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ మూడూ చూపించండి. ఆడవాళ్ళకి ఛాతీ నొప్పి బదులు ఆయాసం, దవడ నొప్పి, వాంతి, ఉత్త నీరసంగా కూడా గుండెపోటు రావచ్చు.

గుమస్తా గారూ, మీ విషయం. నాన్నగారు 55 లోపు గుండెపోటుతో పోయారు. నడుం 90 దాటింది, ట్రైగ్లిజరైడ్స్ 150 దాటాయి, హెచ్‌డీఎల్ 40 లోపు, షుగర్ అంచు మీద ఉంది. అమెరికా వాళ్ళ 2018 మార్గదర్శకాలు దక్షిణాసియా వాళ్ళు కావడాన్నే ముప్పు పెంచే అంశంగా రాశాయి. మీ డాక్టరు ఆ మాత్ర రాయడంలో తొందరపాటు నాకు కనబడలేదు. ఒక పరీక్ష మాత్రం అడగండి: లైపోప్రోటీన్ ‘ఎ’. అది కొలెస్ట్రాల్‌ని మోసే ఒక రకం కణం, తల్లిదండ్రుల నుంచి వచ్చేది, తిండితో మారదు, జీవితంలో ఒకసారి చూస్తే చాలు. మన దేశంలో నలుగురిలో ఒకరికి 50 దాటి ఉంటుందని అంచనా. నాన్నగారు 49కే పోయిన ఇంట్లో అది తప్పక చూడాలి.

బొబ్బిలి మాస్టారు

డాక్టర్ గారూ, ఓపిగ్గా రాశారు, సంతోషం. కానీ 1994 నాటి ఆ 4,444 మందీ అప్పటికే గుండెజబ్బు ఉన్నవాళ్ళు. ఈ అబ్బాయికి గుండెజబ్బు లేదు. లేనివాళ్ళలో ఎంత మేలు జరిగిందో శాతాల్లో కాదు, మనుషుల్లో చెప్పండి. స్టాటిన్ షుగర్ తెస్తుందని కూడా అంటారు. 5.9 ఉన్నవాడికి అది చిన్న సంగతా? మా ఇంట్లోనే ఒకరు ఈ మాత్రతో పిక్కలు పట్టేసి మానేశారు.

జనరల్ మెడిసిన్, శ్రీకాకుళం జిల్లా

న్యాయమైన ప్రశ్న, మాస్టారూ. మనుషుల్లోనే చెబుతాను. గుండెజబ్బు లేని 12,705 మందికి, మన దేశం కూడా ఉన్న 21 దేశాల్లో, సరిగ్గా ఇదే రోసువాస్టాటిన్ 10 ఇచ్చి 2016లో ఫలితాలు చెప్పారు. అయిదున్నరేళ్ళలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బుతో మరణం కలిపి మాత్ర వేసుకున్న నూరుమందిలో 3.7, మందు లేని ఉత్త మాత్ర వేసుకున్నవాళ్ళలో 4.8. అంటే నూటికి ఒకరు. చిన్న సంఖ్యే, దాచను. కానీ అది అయిదున్నరేళ్ళ లెక్క. ఈయన ముందు ముప్పై ఏళ్ళో నలభై ఏళ్ళో ఉన్నాయి, రక్తనాళాల్లో పూడిక ఏడాదికేడాది పెరుగుతుంది.

షుగర్ మాట నిజం. అంచు మీద ఉన్నవాళ్ళలో కొందరికి కాస్త ముందే వస్తుంది. అందుకే మాత్రతోపాటు ఆరేడు నెలలకోసారి షుగర్ చూడాలి. పొట్ట తగ్గించాలి. కండరాల నొప్పి విషయంలో 2020లో లండన్‌లో ఒక పరీక్ష చేశారు. నొప్పులని మాత్ర మానేసినవాళ్ళకే కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్త మాత్ర, ఏదో చెప్పకుండా ఇచ్చారు. బాధల్లో 90 శాతం ఉత్త మాత్రతోనూ వచ్చాయి. నొప్పి అబద్ధమని కాదు, కారణం ఎక్కువమందిలో మాత్ర కాదని. నిజంగా కండరం దెబ్బతినేవాళ్ళు అరుదుగా ఉంటారు, సీపీకే అనే రక్తపరీక్షలో తెలుస్తుంది, మందు మార్చవచ్చు. మీ ఇంట్లో వారిని మానేసి ఊరుకోనివ్వకండి, ఒకసారి చూపించండి.

చీపురుపల్లి కుర్రాడు

తిండితోనే తగ్గదా సార్? మా బాబాయి తవుడు నూనెకి మారాడు, డబ్బా మీద ‘కొలెస్ట్రాల్ లేదు’ అని ఉంది.

జనరల్ మెడిసిన్, శ్రీకాకుళం జిల్లా

ఏ మొక్క నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు తమ్ముడూ, రాయకపోయినా ఉండదు. తవుడు నూనె మంచిదే, కానీ ఇంటికి నెలకి ఎన్ని లీటర్లు అవుతోందో చూడండి. తిండితో తగ్గేవి ముఖ్యంగా ట్రైగ్లిజరైడ్స్. రాత్రి అన్నం సగానికి తగ్గించి పప్పు, ఆకుకూర పెంచితే, మద్యం తాగడం ఆపితే, రోజూ అరగంట చెమట పట్టేలా నడిస్తే రెండు మూడు నెలల్లో తేడా రిపోర్టులో కనబడుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం మించొద్దని చెప్పింది, మనం 50 నుంచి 70 తింటున్నాం. మన తీరంలో కవళ్ళు, కానాగంతలు లాంటి చేపలు చవకగా దొరుకుతాయి, పులుసు పెట్టుకోండి, వేపుడు వద్దు. ఎల్‌డీఎల్ మాత్రం తిండితో కొద్దిగానే దిగుతుంది. ఈ మాత్రతో 40 శాతం పైన దిగుతుంది.

కవిటి ఆడపడుచు

ఇది కూడా రాసుకోండి. మా పక్కింటాయనకి ఎదలో మంట వస్తే గ్యాసని సోడా తాగించారు, వీపు మీద నూనె రాశారు, తెల్లారాక ఆటో ఎక్కించారు. దారిలోనే అయిపోయింది. ఎదలో బరువు, చెమటలు పడితే సోడా మాట ఎత్తకుండా 108కి ఫోన్ చెయ్యాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇప్పుడు మన ప్రభుత్వాసుపత్రుల్లోనే ఉచితంగా ఇస్తున్నారు. ఎంత త్వరగా పడితే అంత మేలు, మొదటి గంటలోనే పడితే మరీ మంచిది.

బొబ్బిలి మాస్టారు

నూటికి ఒకరు అన్న లెక్క మీద నా అభిప్రాయం అలాగే ఉంది. ముప్పై ఏళ్ళ పాటు అదే మేలు కొనసాగుతుందన్నది అంచనా, ఎవరూ అంతకాలం పరీక్ష చేయలేదు. నాన్న 49కే పోయిన మనిషి విషయంలో మాత్రం నేను వాదించను. గుమస్తా గారూ, వేసుకోండి. ఏ చరిత్రా లేని నలభై ఏళ్ళ ప్రతివాడికీ రాస్తే మాత్రం అడ్డుపడతాను.

జనరల్ మెడిసిన్, శ్రీకాకుళం జిల్లా

అందులో మీకూ నాకూ పేచీ లేదు మాస్టారూ. ఏ ముప్పూ లేనివాడికి ముందు నడకే రాస్తాను.

నరసన్నపేట గుమస్తా

ఇవాళ రాత్రి నుంచి మొదలుపెడుతున్నాను. నాకు 36 ఏళ్ళ తమ్ముడున్నాడు, రాజాంలో ఉంటాడు, చుట్టలు కాలుస్తాడు, ఎప్పుడూ రక్తం ఇవ్వలేదు. వాణ్ణి ఒప్పించి పండక్కి వచ్చినప్పుడు తీసుకెళ్తాను. పొద్దున్నే ఏమీ తినకుండా రమ్మంటే వాడు రాడు. తిన్నాక ఇవ్వొచ్చా? లైపోప్రోటీన్ ‘ఎ’ కూడా అక్కడే చేస్తారా?

రక్తపరీక్ష, శ్రీకాకుళం

తిన్నాక కూడా ఇవ్వొచ్చు, మొదటిసారి చూసుకోడానికి చాలు. 2024లో మన దేశపు గుండెవైద్యుల సంఘం కూడా అదే చెప్పింది. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే మాత్రం పరగడుపున మళ్ళీ పిలుస్తాం. లైపోప్రోటీన్ ‘ఎ’ చిన్న ల్యాబుల్లో చేయరు, నమూనా బయటికి పంపుతారు, రెండు మూడు రోజులు పట్టొచ్చు. రక్తం ఇచ్చేటప్పుడే ఆ పేరు చీటీ మీద రాయించండి, లేకపోతే మామూలు లిపిడ్ ప్రొఫైల్ చేసి ఇచ్చేస్తారు.